కూత పోయిన సిగ్నల్ జనరేటర్

మొన్న కోరుట్ల నుంచి అక్క ఫోన్ చేసింది. బావ పోయి ఏడాది దాటాక ఇప్పటికి ఆమెకు మనసొప్పి షాపు గది తెరిచిందట, పాత సామాన్లు కొనేవాడు గుమ్మంలోనే కూర్చున్నాడట. "తమ్మీ, ఒక డబ్బ ఉన్నది, గుండ్రటి బిళ్ల, సుట్టూత నంబర్లు. మస్తు బరువున్నది. గిదేంది, ఇచ్చెయ్యాల్నా?" అని అడిగింది. అది సిగ్నల్ జనరేటర్ అక్కా, వాణ్ణి కాస్త ఆగమను అని జగిత్యాలలో మా ఇంటి వరండాలోంచి చెప్పాను.

మన ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ప్రతి మనిషి వెంటా ఒక టేప్‌రికార్డర్ దిగేది. దుబాయిలో కమ్మగా పాడిన సెట్టు మా పక్క మల్లాపూర్ లాంటి పల్లెల దుమ్ముకూ మన కరెంటు హెచ్చుతగ్గులకూ ఓర్చుకోలేక కొన్నాళ్లకే గొంతు మార్చేది, మార్చాక కోరుట్లలో బావా నేనూ నడిపే రిపేరు షాపుకు వచ్చేది. బావ దాన్ని చెవితో బాగుచేసేవాడు. సిగ్నల్ జనరేటర్ పెద్ద విడ్డూరమేమీ కాదు. బిళ్ల తిప్పిన కొద్దీ బొంగురు మోత నుంచి సన్నని కూత దాకా మనం అడిగిన శబ్దాన్ని తయారుచేసి ఇచ్చే పెట్టె. ఆ శబ్దాన్ని సెట్టులోకి పంపి, తలకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎక్కడ విరుగుతోందో ఎక్కడ సన్నగిల్లుతోందో విని, ఫలానాది మార్చమని నాకు చెప్పేవాడు. వినడం ఆయన పని, అతకడం నా పని. ఆ హెడ్‌ఫోన్ పెట్టుకోవాలన్న ఆలోచన కూడా నాకెప్పుడూ రాలేదు.

ఒక వానాకాలం, పెట్టెకు సన్నని కూతలు పోయాయన్నాడు. "బిళ్ల సగం దాటంగనే సప్పుడు బందయితుందిరా" అని దాన్ని నా ముందుకు తోశాడు. ఇలాంటి పెట్టెలకు వచ్చే రోగాలు కొన్నే, అవి నాకు నేర్పింది ఆయనే. పెట్టెను తిట్టే ముందు వైరు చూడమనేవాడు, పైన రబ్బరు నిగనిగలాడుతున్నా పిన్ను దగ్గర లోపలి తీగ తెగి ఉంటుందని. వైరు మార్చాం. శబ్దం తగ్గించే గుండీ కింద మురికి చేరిందేమోనని స్పిరిట్‌తో కడిగాను, వదులైన అతుకులు మళ్లీ సోల్డరింగ్ చేశాను, పెట్టె వేడెక్కితే కుదురుకుంటుందేమోనని స్విచ్చి వేసి పూటంతా కాచుకుని కూర్చున్నాం, ఆఖరికి హైదరాబాద్ నుంచి కెపాసిటర్లు తెప్పించి మార్చాను. మీటరు పెడితే ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడే నిలబడింది. మీటరే అబద్ధం చెబుతోందన్నాడు బావ, నేనూ నమ్మాను. మా షాపులో బావ చెవి తప్పుతుందన్న ఊహ ఎవరికీ ఉండేది కాదు. ఈలోగా సెట్లు కుప్పపడ్డాయి, సెలవు అయిపోయి తిరిగి పోయేవాళ్లు గొణుక్కుంటూ వాటిని వేరే షాపులకు పట్టుకుపోసాగారు. ఇంట్లో అక్క పోరు వేరే: "పిలుస్తే పలుకడు, కుక్కర్ కూసినా లేవడు, గీయనకు ఎప్పుడు జూసినా అలుకనే."

ఇక అనుమానించడానికి హెడ్‌ఫోన్ ఒక్కటే మిగిలింది. దాన్ని విప్పే ముందు ఊరికే తలకు పెట్టుకున్నాను. బిళ్ల పై చివరన ఉంది. సన్నని కూత సూదిలా చెవిలో దిగింది, ఉలిక్కిపడి లాగేశాను. ఎదురుగా బావ నన్నే చూస్తున్నాడు.

"నీకు ఇనబడుతుందా?" అన్నాడు.

తలూపాను. ఆయన పెట్టె స్విచ్చి ఆపేశాడు. "అయితే దానికేం కాలే. మూత బిగియ్యి" అని లేచి బయటికి వెళ్లాడు.

పెళ్లికి ముందు బావ సిరిసిల్లలో సాంచాల మీద పనిచేశాడు. ఆ పవర్‌లూమ్ షెడ్లలో నాలుగు దిక్కులా మగ్గాలు కొట్టుకుంటుంటే పక్కవాడి మాట వినబడదు, పెదవులు చూసీ సైగలు చూసీ మాట్లాడుకుంటారు. ఆ మోత ముందుగా సన్నని శబ్దాలను తినేస్తుందనీ, ఆ దెబ్బ ఏళ్ల తర్వాత వయసుతో పాటు బయటపడుతుందనీ, పోయింది ఇక తిరిగి రాదనీ జగిత్యాల డాక్టరు చెప్పాడు. ఇన్నేళ్లూ మా పెదవులు చూసి జవాబిస్తూ వచ్చాడు కాబట్టి మాకెవరికీ అనుమానం రాలేదు, ఆ అలవాటు మీద బతుకుతున్నానని ఆయనకూ తెలియలేదు. సాంచాలు ఎందుకు వదిలావని ఎవరడిగినా ఆ లొల్లి పడలేకనే అని నవ్వేవాడు. రోజంతా పాట వినే పని దొరికిందని ఎంత మురిసిపోయేవాడో. చెవికి మిషన్ పెట్టిస్తే గరగర తప్ప పాట రాలేదని, తీసి డ్రాయరులో పడేశాడు.

షాపు మరికొన్నేళ్లు నడిచింది. హెడ్‌ఫోన్ నా తలకు వచ్చింది, సోల్డరింగ్ ఆయన చేతికి పోయింది. నేను వింటున్నంతసేపూ ఆయన నా మొహమే చూసేవాడు, నా నొసలు ముడిపడితే ఇంకా లోపం ఉందని, సడలితే సెట్టు కుదిరిందని గ్రహించేవాడు. బాగైన సెట్టులో మంచి పాట తగిలితే నేను ఒక్కోసారి కళ్లు మూసుకునేవాణ్ణి. తెరిచేసరికి ఆయన తానే విన్నట్టు నవ్వుతూ ఉండేవాడు.

ఇప్పుడు మా షాపు ఉన్న వరుసంతా ఫోన్ల షాపులే. ఏ వస్తువైనా తనకేమైందో తెర మీద తానే రాసి చూపిస్తుంది, బాగైందీ లేనిదీ అదే చెబుతుంది. పని తేలికైంది, కాదనను. ఎదుటి మనిషి మొహం చూసి తెలుసుకోవలసినది ఏమీ మిగల్లేదు. పాటలు నా ఫోన్‌లోనూ ఉన్నాయి, ఏ పొద్దున్నో ఒక్కణ్ణే పెట్టుకుని వింటాను. ఎంత మంచి పాటైనా కళ్లు మూసుకోబుద్ధి కాదు. తెరిస్తే ఎదురుగా ఎవరూ ఉండరు.