మేస్త్రి వాల్వులు మార్చలేదు

పశువుల జాత్రలో జనం అందరి ముందర, మైకులు బాగుచేసే మేస్త్రిని మైకులోనే దొంగ అన్నారు. "మన సెట్టులో మంచి వాల్వులు మేస్త్రి పెరుక్కొని పాతవి పెట్టినాడు, అందుకే గొంతు రాలేదు" అని జాత్ర కమిటీ అధ్యక్షులు చెప్పారు. ఆ పూట మైకు మెల్లగా పలుకుతున్నా ఆ ముక్క మాత్రం ఎద్దుల వరసల చివరిదాకా పాకిపోయింది. ఆ తర్వాత పన్నెండో రోజు మేస్త్రి బాగేపల్లిలో తన ఇంట్లో చనిపోయారు. గుండె ఆగిందని డాక్టరు చెప్పారు. ఆ మాటే ఆయన్ని చంపిందని నేను రాయను. నాకు తెలియనిది రాయను. ఆ మాట అబద్ధమని మాత్రం తెలుసు. ఎలా తెలుసో చెప్పాలి.

నేను చింతామణిలో మోటార్లకు రాగితీగ చుట్టే పనివాణ్ని. నాలుగో తరగతితో నా బడి ముగిసింది. బాడుగలకు తిప్పుకుందామని ఒక పాత మైకు సెట్టు కొన్నాను. గొంతు పీలగా వచ్చేది. లోపల దీపాల్లా వెలిగే గాజు వాల్వులు రెండు కొత్తవి పెట్టినా అంతే. బస్సులో ఒళ్ళో పెట్టుకొని బాగేపల్లికి తీసుకుపోయాను. మేస్త్రి పెట్టెను ముట్టనైనా లేదు.

"ఎన్నాళ్ళనుంచి తగ్గిందప్పా?"

"కొన్నప్పటినుంచీ ఇంతే మేస్త్రీ."

"మరి తగ్గిందని నీకెట్ల తెలిసె? దాని మంచి గొంతు నువ్వు యాడన్నా విన్నావా?"

నాకు ఒళ్ళు మండింది. "వాల్వులు మార్చి చూసినాను" అన్నాను.

"వాల్వు ఎర్రగా వెలుగుతాది, కండ్లకు అగుపిస్తాది. అందుకే అందరూ దాని మీదనే పడతారు. అగుపించని వాటిని అడిగేది ఎవరు?"

ఆయన పద్ధతి అది. ముందు మనిషిని అడుగుతారు, తర్వాత తీగను, అన్నిటికంటే చివర పెట్టెను. గొంతు బయటికొచ్చే బాకా, అంటే హారన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తారు. పెట్టె తెరిచాక ఎడమచెయ్యి జోబీలోకి పోతుంది. "రెండు చేతులూ లోపల పెడితే కరెంటు నీ ఎద మీదుగా దాటిపోతాది. ఒక చెయ్యి దాచుకో" అనేవారు. సెట్టు పలికేదాకా కాఫీ ముట్టరు. "ఈ కాఫీని కాచింది ఇది మూడోసారి. మీ పెట్టె పాడైపోనూ!" అని లోపలినుంచి ఆయన భార్య అరిచింది.

నా సెట్టులో ఒక వాల్వు కిందుగా చిటికెనవేలంత కండెన్సర్ ఉంది. మంచిది ఒకటి తెచ్చి, పాతదాన్ని తీయకుండానే దాని పక్కన ఆనించారు. నోటిమీద అడ్డం పెట్టిన చెయ్యి తీసేసినట్టు గొంతు ఒక్కసారి లేచింది. నేను నోరు తెరుచుకొని చూశాను.

"ఎందుకట్ల?" అన్నాను.

"లోపల ఎండిపోయింది. ఎండితే గొంతు ఎందుకు పడిపోతాదో నాకూ పూర్తిగా తెలీదు. మోటార్లు చుట్టేవానివి గదా, నువ్వు కనుక్కొని నాకు చెప్పు."

ఎగతాళి అనుకున్నాను. కాదు. పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి సంపాదించి, మాట మాటకూ అర్థం అడుగుతూ మూడు నెలలు కొట్టుకొని, తెలిసింది పోయి చెప్పాను. అరవై దాటిన మనిషి బల్ల మీద ముందుకు వంగి విన్నారు. "ఇంకోసారి చెప్పు, నిదానంగా" అన్నారు. ఆ రోజునుంచీ ఆయన్ని అడగడానికి పోయేవాణ్ని, ఆయన నన్ను అడగడానికి ఉత్తరం రాసేవారు.

ఆయనకు ఇంకో అలవాటు. తాను చూసిన ప్రతి సెట్టులోనూ వాల్వు అడుగునుంచి అది కూర్చునే సాకెట్టు మీదికి ఎర్రరంగుతో ఒక గీత గీసేవారు. ఎవరైనా వాల్వు పెరికితే గీత తెగుతుంది. మళ్ళీ అతుక్కోదు.

మేస్త్రి దినాలు అయిన మరుసటి రోజు జాత్ర మైదానంలోని కమిటీ గదికి పోయాను. కాపలా ఉండే పెద్దాయన తలుపు తీశాడు. "చూసుకోప్పా, ఎత్తుకొని మాత్రం పోవద్దు" అన్నాడు. చూశాను. ఒక్క గీతా తెగలేదు. హారన్లు రెండూ కట్టి పలికిస్తే గొంతు బస్టాండు దాకా పోయింది. సెట్టు బాగుంది. మరి జాత్ర రోజు ఏం మారింది? మేస్త్రి లాగానే మనిషిని అడిగాను.

"ఆ దినం ఇంకో తీగ ఉండె గదా, అధ్యక్షుల ఇంటికి. ఇప్పుడు విప్పినారు గానీ ఈడనే ఉండాది చూడు" అన్నాడు పెద్దాయన. "మేస్త్రి కూడా తీగ వెంబడి నడుస్తానే ఉండె. దొంగకు ఈడేం పని అని పక్కకు నూకిరి."

తీగ వెంట నేను నడిచాను. నూరడుగులు ఉండదు. అధ్యక్షుల వసారాలో పాత రేడియోనుంచి తీసిన స్పీకరు వేలాడుతోంది. దాని కిందే ఆయన తల్లి కూర్చొని ఉంది. చెవులు దూరం.

"ఆ దినం ఎంత బాగా ఇనపడింది! నా చెవులు తిరిగొచ్చినాయేమో అనుకొంటిని. దీన్ని పీక్కొని పోతావా ఏందప్పా?"

"లేదమ్మా."

హారన్లు ఒక్కొక్కటీ పదిహేను ఓములు. ఆ స్పీకరు మూడు. ఓములంటే కరెంటుకు అడ్డు; అడ్డు తక్కువున్న చోటికే కరెంటు ఎక్కువ పోతుంది. కాలువ మొదట్లోనే గండి కొట్టినట్టు, ఉన్న బలమంతా అది తాగేస్తుంది. కట్టి చూశాను: వసారా దద్దరిల్లింది, మైదానంలో గొంతు చచ్చింది. తీగ విప్పాను: మైదానం పలికింది. పెద్దాయన్ని సాక్షిగా నిలబెట్టి మూడుసార్లు చేశాను.

అధ్యక్షులకు చెప్పాను. "అమ్మ కోసం పెట్టినాను. తప్పేముంది? పోయినాయన సంగతి ఇప్పుడెందుకు, విడిచిపెట్టప్పా" అన్నారు.

ఆయన విడిచిపెట్టగలరు. మేస్త్రి కొడుకు అదే పని చేసి ఇల్లు నడపాలి. దినాల నాడు కూడా ఒకాయన మేస్త్రి ఇంటికి వచ్చి, రిపేరుకు ఇచ్చిన తన సెట్టు అడిగి, శవాన్ని ఎత్తిన వసారాలోనే పెట్టె విప్పి వాల్వులు చూసుకొని పోయాడు. మేస్త్రి భార్య లైటు పట్టుకొని నిలబడింది.

అధ్యక్షుల తల్లి వినడంలో తప్పు లేదు. ఆ స్పీకరుకు సరిపోయే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి నేనే చుట్టాను. అది మధ్యలో పెడితే హారన్ల గొంతు తగ్గదు, ఆమెకూ వినపడుతుంది. వచ్చే సోమవారం, బస్సుల నిండా జనం దిగే పది గంటలకు, అధ్యక్షులు అదే మైకు ముందర నిలబడి "మేస్త్రి వాల్వులు మార్చలేదు, తీగ కట్టింది నేను" అని చెప్పాలి. తీగలు నేను కడతాను. వసారాలో స్పీకరు కూడా ఉంటుంది, కొడుకు చెప్పే మాట ఆ తల్లి వినాలి. ఇది చదివి అధ్యక్షులు వస్తారో రారో శనివారం సాయంత్రం లోపల మేస్త్రి ఇంటికి రాతలో తెలపాలి.