నాలుక కింద రాయి

నాకు నోరు ఎక్కువని నరసరావుపేటలో మా వీధి వీధంతా చెబుతుంది. జాకెట్లు కుట్టేదాన్ని. కరెంటు పోయి మిషను ఆగినా నా నోరు ఆగదని వచ్చినవాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. మా ఆయన ఆటో తోలతాడు. మనిషి బెల్లం కొట్టిన రాయి. పది మాటలకు ఒక 'ఊ' అంటే గొప్ప.

అలాంటి మనిషికి తొలకరి పడిందంటే కాలు నిలవదు. పిడుగురాళ్ల అవతల, కృష్ణా నది వైపు, గుట్టల మధ్య ఒక బీడు లోయ ఉంది. చెట్టూ చేమా లేవు, తాగడానికి చుక్క నీళ్లుండవు. వాన మట్టిని కడిగేస్తే వజ్రాలు, రంగురాళ్లు బయటపడతాయని ఎక్కడెక్కడి జనమో అక్కడ వచ్చి పడతారు. పోయిన ఏడాది నేనూ వెళ్లాను. ఆయన ఒక్కడే పోతే ఇంట్లో నాకు తోచదు, గుమ్మంలోకీ రోడ్డు మీదికీ తిరగడంతోనే సరిపోతుంది.

అక్కడో పద్ధతుంది. రాయి దొరికినవాళ్లు కేక పెట్టరు. ఆ నేల మీద హక్కున్నవాడు వాటా అడుగుతాడు, దళారీల మనుషులు మీద పడతారు. అందుకని గుట్టుగా నోట్లో వేసుకుని, నాలుక కింద పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోతారు. అందుకే అక్కడ అందరి కళ్లూ నేల మీద సగం, పక్కవాళ్ల నోళ్ల మీద సగం ఉంటాయి. ఎవరైనా దగ్గినా అనుమానమే.

పొద్దుటి నుంచీ తవ్వుతున్నాం. "ఈ రాళ్లు ఇంటికి మోసుంటే ఈపాటికి ప్రహరీ లేచేది గదయ్యా" అని నేను సణుగుతూనే ఉన్నాను. ఉన్నట్టుండి పలుగు చేతిలోంచి జారింది. మళ్లీ పట్టుకోబోతే వేళ్లు మాట వినలేదు. నీళ్లు అడుగుదామనుకున్నాను. నాలుక కదల్లేదు. నోటి పక్క నుంచి చొంగ కారుతుంటే ఎడమ చేత్తో కొంగు అడ్డం పెట్టుకున్నాను. ప్రాణం పోతోందేమోనని భయపడ్డాను.

ఆయన జల్లెడ పట్టుకుని ఇటు తిరిగాడు. నోటికి కొంగు, చేతిలో పలుగు లేదు, మాట లేదు. మా కాపురంలో నేను మాట్లాడకుండా ఉండగా ఆయన చూసిందే లేదు. చరచరా దగ్గరికొచ్చి, "నోరు తెరవబాక. లే, పోదాం" అన్నాడు చెవిలో.

కాదని తల ఊపాను.

"అర్థమైందిలేవే, ఊరుకో" అని రెక్క పట్టుకుని లాక్కుపోయి ఆటోలో వెనక పడేశాడు.

ఇక తోలుడే తోలుడు. గుంతలని చూడలేదు, గేదెలని చూడలేదు. ఎవరో బండి మీద వెంట పడుతున్నారని మాటిమాటికీ అద్దంలో చూసుకుంటున్నాడు. సీటులో ఓ పక్కకి ఒరిగిపోయిన నన్ను మాత్రం చూడలేదు. పైగా జన్మలో లేనిది మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఇంక నువ్వు మిషను ముందు కూచోబాక. రాత్రిళ్లు మెడ పట్టుకుని మూలగతా ఉంటావు. నేను నిద్రపోతన్నా అనుకుంటావు గానీ నాకు నిద్రెక్కడిది? పెళ్లైన కొత్తలో సూర్యలంక తీసుకుపోయి సముద్రం చూపిస్తానన్నా. నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలా. నువ్వంటే నాకు చానా ఇదే. చెప్పటం చేతగాదు, అంతే."

ఓరి దేవుడా, ఈ మాటల కోసం ఇన్నేళ్లు కాచుకున్నాను, ఇప్పుడా చెప్పేది! ఆసుపత్రికి పోవయ్యా మగడా అని లోపల్లోపలే మొత్తుకున్నాను. ఆటో నకరికల్లు దాటింది. మా ఊళ్లోకి వచ్చాక ఆసుపత్రుల వీధి వదిలేసి బజారులోకి తిరిగింది. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు.

రాళ్లకు సానపట్టే సాయిబు కొట్టు ముందు ఆపాడు. మా ఆయన చెవిలో ఏదో ఊదితే ముసలాయన వచ్చి, "నోరు తెరువమ్మా" అన్నాడు. తెరిచాను. సగమే తెరుచుకుంది. ఆయన నోట్లోకి చూడనే లేదు, నా ముఖం చూశాడు.

"రాయేందయ్యా నీ మొహం. ఆమె మూతి వంకర పోయింది, కనపడట్లా? పక్షవాతం. ఆస్పత్రికి తోలు, తొందరగా."

మా ఆయన అప్పుడు చూశాడు నన్ను. "నవ్వు ఆపుకుంటంది అనుకున్నా భాయ్" అన్నాడు.

వేళకి తెచ్చారని డాక్టరు అన్నారు. లోయలోనే కాసేపు పడుకోబెట్టి ఉంటే మాట దక్కేది కాదట. దొంగలు తరిమినట్టు పరిగెత్తుకు రాబట్టి బతికిపోయాను. మాట మెల్లమెల్లగా వచ్చింది. కుడిచేతికి మాత్రం ఇంకా సూదిలో దారం ఎక్కదు.

నాకు మాట వచ్చాక ఆయన మళ్లీ 'ఊ' దగ్గరికే వెళ్లిపోయాడు. ఆటోలో అన్న మాటలు ఇంకొక్కసారి వినాలని నాకు ఒకటే ఆరాటం. నేను ఊరుకుంటే ఆయన మాట్లాడతాడేమోనని మొన్న అన్నాలప్పుడు వడ్డించి, నోరు మూసుకుని ఎదురుగా కూర్చున్నాను.

రెండు ముద్దలు తిని తలెత్తి చూశాడు. కంచం తోసేసి వచ్చి, ఎంగిలి చేత్తోనే నా గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకి తిప్పాడు. చెయ్యి వణుకుతోంది.

"మాట్లాడవే. తిట్టు. ఏదో ఒకటి తిట్టు నన్ను" అన్నాడు.

తిట్టాను. ఆ చెయ్యి వణుకు తగ్గేదాకా తిడుతూనే ఉన్నాను.