పొలిమేర కుండ

మా ఇళ్లలో కుండలకు రంగులు వేయడం ఆడవాళ్ల పని. కుమ్మరి పని కాల్చి ఇచ్చేవరకే. ఆ తర్వాత పెళ్లికైనా, బోనానికైనా ఎవరింటి కుండ వాళ్లే రాసుకోవాలి. మా అమ్మ ఈతపుల్ల కొసను నమిలి కుంచె చేసుకునేది. కుండకు జాజు ఎర్రమట్టి పూసి, ఆరనిచ్చి, మెడ చుట్టూ సున్నంతో తీగ గీసేది. ఆ తీగ అందరి తీగల్లా ఎడమ నుంచి కుడికి పాకదు, కుడి నుంచి ఎడమకు పోతుంది. అమ్మను కన్న మా అవ్వది ఎడమచేతి వాటం. ఆమె చేయి చూసి నేర్చుకుంది కాబట్టి, అమ్మ కుడిచేత్తో గీసినా తీగ అట్లాగే వచ్చేది. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా అట్లా గీసేవాళ్లు ఈ తల్లీకూతుళ్లు తప్ప ఇంకెవరూ లేరు. నాకు ఎంత నేర్పినా రాలేదు. నువ్వు గీసేది తీగ కాదు, వానపాము అనేది అమ్మ.

ప్రపంచ లడాయి నడుస్తున్న రోజుల్లో ఒక ఎండాకాలం మా ఊళ్లోకి గత్తర, అదే కలరా, వచ్చింది. వాంతులు, విరేచనాలు. పొద్దున మాట్లాడిన మనిషి పొద్దుగూకేసరికి ఉండేవాడు కాదు. మేడ్చల్ నుంచి సర్కారు మనుషులు వచ్చి బావుల్లో ఎర్రమందు వేసిపోయారు. నీళ్లు ఎర్రగా కనబడగానే జనం జడిసి, కుంటకు పోయి ముంచుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మా ఇంట్లోనూ ఆ కుంటనీళ్లే తాగాం.

ఇక మిగిలింది ఒకటే దారి. కుండకు అమ్మవారి ముఖం రాసి, వేపమండలు పెట్టి, ఊరి జబ్బంతా అందులోకి రమ్మని మొక్కి, పక్క ఊరి పొలిమేరలో దింపి రావాలి. ఆపైన వాళ్ల తిప్పలు వాళ్లవి. కుండ రాసే పని మా అమ్మకే చెప్పారు. మా ఊరికి ఒకవైపు చెరువు, ఒకవైపు అడవి. కుండ దింపాల్సిన పడమటి పొలిమేర అవతల ఉన్నది అమ్మ పుట్టిన ఊరు. అక్కడ మా అవ్వ ఒక్కతే ఉంటుంది.

అమ్మ కాదనలేదు. ఇంటి కోడలు ఎట్లా కాదంటుంది? ముఖమంతా రాసి, పసుపు పూసి, బొట్టు పెట్టి, కళ్లు మాత్రం రాయకుండా కుంచె కింద పెట్టేసింది. కళ్లు లేకపోతే అమ్మవారికి దారి తెలియక పొలాల్లోనే ఆగిపోతుందని ఆశపడ్డానని తర్వాత నాతో చెప్పింది. మా నాయినమ్మ ఇట్టే పసిగట్టింది.

"కండ్లు పెట్టు పిల్లా. తొవ్వ దొరకక మల్ల మనింట్లకే వస్తె, నీ పిల్లలను యాడ దాస్తవ్?"

తనది కాకపోతే తాటిపట్టెకు ఎదురు దేకమన్నట్టుంది ఈవిడ వరస అని నాకు కోపమొచ్చింది. కానీ ఆ ముసలిది మా చిన్న చెల్లెను ఒళ్లోకి లాక్కుని కూర్చుంది. అమ్మ కాటుక కలిపి కళ్లు రాసింది. పొద్దు వాలుతుండగా డప్పులతో తీసుకుపోయి, అవతల దింపి, వెనక్కి చూడకుండా వచ్చారు.

మా ఊళ్లో జబ్బు తగ్గింది. ఆ ఊరి కబురు మాత్రం రాలేదు, రాకపోకలు ఆపేశారు. అమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. దొడ్లో నిలబడి పడమటి వైపే చూసేది. అక్కడ పొగ లేస్తే అది చెత్త మంటా, చితి మంటా అని నన్ను అడిగేది. నాకేం తెలుసు? చెత్తే అనేదాన్ని.

ఒకనాడు పిడకలకు పోయిన ఆడవాళ్లు ఉరుక్కుంటూ వచ్చారు. పొలిమేరకు ఇవతల, మా నేల మీద కుండ ఉందట. అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయింది. జనం దూరంగా నిలబడ్డారు. కొత్త జాజు, ఇంకా వాడని వేపమండలు, మా ఊరి వైపే చూస్తున్న పెద్ద పెద్ద కళ్లు. మెడ చుట్టూ సున్నపు తీగ, కుడి నుంచి ఎడమకు.

"మీ అవ్వ బతికే ఉన్నది బిడ్డా" అంది అమ్మ.

ఏడ్చింది, నవ్వింది కూడా. అంత సంతోషం ఆమె ముఖంలో నేను ఎన్నడూ చూడలేదు. తర్వాత ఆమె చూపు ఆ కుండ కళ్ల మీద ఆగింది, నవ్వు పోయింది. ఇటువైపు ఎవరున్నారో అవ్వకు తెలియదా? నాకు భయం వేసి అమ్మ కొంగు పట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి చెల్లె వాకిట్లో వాంతి చేసుకుంటోంది. అమ్మ దాని మూతి కడిగి, నాయినమ్మ ఒళ్లో పడుకోబెట్టింది. ఈసారి కుండ రాయమని ఎవరూ చెప్పలేదు. అమ్మే నన్ను పిలిచి, కుమ్మరింటికి పోయి కొత్త కుండ తెమ్మంది.