అవ్వ చూడని సెకండాఫ్

ముందుగా క్షమాపణలు. ఈ నాలుగు ముక్కల్లో ఒక సినిమా క్లైమాక్సు బయటపడబోతోంది. ఆ సినిమా తీసిన పెద్దాయనకు, డబ్బు పెట్టినవాళ్ళకు, ఇంకా చూడని కోయంబత్తూరు జిల్లా ప్రేక్షక మహాశయులందరికీ సాష్టాంగపడి మన్నించమని వేడుకుంటున్నాను. వేడుకుని, చెప్పేస్తాను కూడా. ఎందుకంటే పోయిన నెల మా అవ్వ, మా నాయనను కన్న తల్లి, అన్నూరులో మా ఇంట్లోనే కన్నుమూసింది. ఆ సినిమాను తలవకుండా ఆమెను తలవడం నాకు చేతకాదు.

అవ్వకు రౌడీ సినిమాలంటే ప్రాణం. దేవుడి సినిమాల్లో ఎవరు గెలుస్తారో ముందే తెలుసు కదా, ఇంక చూసేదేముంది అనేది. ఈ సినిమా తీసిన ముసలి డైరెక్టరంటే మరీను. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. "చెయ్యి వణక్కుండా ఇంకా పడం తీస్తా ఉండాడు చూడు" అని, పక్కింటి మనిషిని మెచ్చుకున్నట్టు మెచ్చుకునేది.

సినిమాకు కోయంబత్తూరులో గాంధీపురం దాకా వెళ్ళాలి. గుడ్డ సంచి అడుగున మురుకులు ఉంటాయి. బయటి తిండి రానివ్వరవ్వా అని నేనంటే, గేటు దగ్గర సంచులు తడిమే అబ్బాయి ముఖం చూసి, పాపం ఆకలిగా ఉన్నట్టున్నాడని అతనికీ రెండిచ్చి లోపలికి వెళ్ళేది.

ఆమెకో నియమం ఉండేది. తెర మీద ఎవరైనా చచ్చేటప్పుడు నమలకూడదు. "పోయేవాని ముందర నోరాడిస్తే మర్యాద గాదురా." నోట్లో మురుకు ఉన్నా లేకపోయినా ఆమె దవడ ఎప్పుడూ కదులుతూనే ఉండేది. అది ఆగిందంటే ఎవడికో మూడిందని, మ్యూజిక్ కంటే ముందే నాకు తెలిసిపోయేది.

ఈ సినిమా నేను మొదటి రోజే స్నేహితులతో చూసేశాను. ఈలలు వేసి, గొంతు పోగొట్టుకుని, తుపాకులు తప్ప ఏమీ చూడకుండా ఇంటికొచ్చాను. ఆ సంగతి దాచి అవ్వతో మళ్ళీ వెళ్ళాను.

కథ ఇదీ. మన సూలూరు లాంటి మిల్లుల ఊళ్ళో ఒక పెద్ద రౌడీ. అతని గుట్టు పోలీసులకు చేరవేస్తున్నది ఎవరో కాదు, కుర్రతనం నుంచి అతని కారు తోలుతున్న డ్రైవరే. రౌడీకి అది తెలిసిపోతుంది. మర్నాడు పొద్దున డ్రైవరు వస్తాడు. రౌడీ భార్య ఎప్పటిలాగే వాడికి ఇడ్లీ పెడుతుంది. రౌడీ ఎదురుగా కూర్చుని, వాడు తినేదాకా చూసి, ఎప్పటిలాగే కారు తాళం చేతికిస్తాడు. ఇంటర్వెల్.

మొదటిసారి ఆ చోట నేను పాప్‌కార్న్ కోసం పరిగెత్తాను. ఈసారి అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "చూసినావా, పడం తీసిన పెద్దాయనకు తొందరే లేదు. వాడు ఇడ్లీ తినేదాంక కత్తి తియ్యనియ్యలే. ఇది రౌడీ పడం గాదురా, సంసారం." ఆ ఇడ్లీ ఎంత భయంకరమైనదో నాకప్పుడు తెలిసింది.

అంతలో ఆమెకు ఆయాసం వచ్చింది. సినిమా అక్కడే వదిలి ఆస్పత్రికి, అక్కణ్ణించి ఇంటికి. అవ్వ మంచం మీద నుంచే శాసనం చేసింది: మిగతా సగం ఎవరూ చెప్పకూడదు, లేచి వెళ్ళి తన కళ్ళతోనే చూసుకుంటుంది. తరవాత ఫోనులో వస్తుంది కదా అంటే, అంత పెద్ద మనిషిని అరచేతిలో చూసేదేందిరా అని కసిరింది.

ఊళ్ళో సగం మంది చూసేశారు. పరామర్శకొచ్చిన మగ్గాల షెడ్డు ఆయన "ఆ డ్రైవరు కడకు..." అని ఎత్తుకోగానే అవ్వ రెండు చెవులూ మూసుకుంది. ఆయన వాన సంగతి మొదలుపెట్టాడు.

ఇంట్లో రోజూ అదే పంచాయితీ. ద్రోహిని చంపాల్సిందేనని మా అమ్మ. "ఇన్నేండ్లు నీ ఇంట తిన్నోణ్ణి ఎట్ల సంపుతావమ్మా" అని అవ్వ. మర్నాటికి ఇద్దరూ పక్షాలు మార్చుకునేవాళ్ళు. జవాబు తెలిసిన నేను మునిలా మధ్యలో కూర్చుని పప్పన్నం తినేవాణ్ణి. ఇంకా ఆడతా ఉండాదా అని అవ్వ అడిగేది. థియేటరు నుంచి ఎత్తేశాక కూడా ఆడుతోందనే చెప్పాను.

ఒక మధ్యాహ్నం ఆమె శ్వాస మారింది. పోయేవాళ్ళ చెవిలో గోవింద నామం చెప్పడం మావాళ్ళ ఆనవాయితీ. నాయన "నువ్వు చెప్పు కన్నా" అని నన్ను ముందుకు తోశాడు. నేను మంచం పక్కన వంగి చాలాసేపు చెప్పాను. ఈ కాలం పిల్లోడికి ఇంత భక్తా అని మేనత్త ఏడుపు మధ్యలోనే మెచ్చుకుంది. కర్మ నాటికి ఆ మాట అన్నూరంతా తిరిగింది. నేను తల వంచుకుని స్వీకరించాను.

ఇప్పుడు ఒప్పేసుకుంటున్నాను. నేను చెప్పింది సెకండాఫ్. డ్రైవరు తాళం అందుకుని కారు వైపు నడవడం దగ్గర మొదలుపెట్టి, ఒక్క సీను వదల్లేదు. ఆఖర్న రౌడీ ఎప్పటిలా వెనక తలుపు తియ్యడవ్వా, ముందు తలుపు తీసి వాడి పక్కనే కూర్చుంటాడు. పోనీరా అంటాడు. చినుకుల్లో కారు మిల్లు గేటు దాటుతుంది. చంపుతాడో లేదో పెద్దాయన చూపించడు, వైపరు మాత్రం ఆడుతూ ఉంటుంది.

అంతదాకా కొద్దికొద్దిగా కదులుతూనే ఉన్న అవ్వ దవడ, రౌడీ ముందు తలుపు తీసిన చోట ఆగింది. నేను ఆపలేదు. కారు కనుమరుగయ్యేదాకా చెప్పి, అప్పుడు గోవిందా అన్నాను.