మూడు దెబ్బలు

కేజీఎఫ్‌లో బంగారు గని మూసేదాకా, అక్కడి కోరమండల్ కాలనీలో ఉండే తిమ్మప్ప రెస్క్యూ జట్టులో పనిచేశాడు. లోపల బండ పేలి కూలీలు చిక్కుకుంటే, మొదట మిషన్లన్నీ ఆపించి, పైపు మీద మూడు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. బండ పేలినప్పుడల్లా పైన ఇళ్ళు కూడా ఊగేవి. అందుకే కూతురు రత్నకు చిన్నప్పుడే నేర్పాడు: "చిక్కుకుంటే అరవొద్దమ్మా, గొంతు పోతాది. చేతికి దొరికిందాంతో మూడు కొట్టు, ఆగు, మళ్ళా కొట్టు. ఎవురో ఒకరు వింటారు."

రత్న ఉద్యోగం చేసే ఉత్తరాది మహానగరంలో భూకంపం వచ్చి, ఆమె ఉండే హాస్టల్ కూలింది. మంత్రులు వచ్చారు, హెలికాప్టర్లు వచ్చాయి. వంద జేసీబీలు క్షణం ఆగకుండా పనిచేస్తున్నాయని టీవీలో గొప్పగా చెప్పారు. వినే చెవి మాత్రం ఒక్కటీ రాలేదు.

ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్‌కు తిమ్మప్ప నాలుగు రోజులు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. "ఒక్క పది నిమిషాలు మిషన్లు ఆపండప్పా! నా బిడ్డ కొడతా ఉంటాది!"

మీ ఫిర్యాదు నమోదైంది అన్నారు.

తొమ్మిదోనాడు శవపేటిక వెంట తాలూకా ఆఫీసరు ఇంటికి వచ్చాడు.

"కూలిన క్షణమే ప్రాణం పోయినాదంట అప్పా. ఏం బాధ పడలేదంట" అంటూ, రత్న చేతిలో దొరికిన స్టీలు గ్లాసు అందించాడు.

తిమ్మప్ప గ్లాసు తిరగేసి చూశాడు. అడుగంతా సొట్టలు పడి, అంచు చీలిపోయి ఉంది.

"ఎన్ని దినాలు కొట్టినావమ్మా?" అన్నాడు.