రాజవ్వ చేతిలోంచి జారిన బీడీ

నిన్న జగిత్యాలలో మా ఫిజియోథెరపీ గదికి మెడనొప్పితో వచ్చిన ఒకామె కొంగు విదిలించగానే బీడీ తంబాకు ఘాటు గుప్పుమంది. నాకు ప్రాణం ఉసూరుమంది. అది రాజవ్వ చిన్నమ్మ వాసన. కోరుట్లలో ఆమెది మా పక్కిల్లు. వరసకు ఏమీ కాదు, పిలుపు మాత్రం చిన్నమ్మ.

ఒళ్ళో చాట పెట్టుకుని, మెడ వంచి, పొద్దంతా బీడీలు చుట్టేది. అక్షరం ముక్క రాదు. అయినా నేను బడి నుంచి రాగానే ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పించుకునేది. గడగడా అప్పజెబితే ఊరుకునేది కాదు. "నాకు సమజ్ కాలే బిడ్డా. మల్లొక్కసారి జెప్పు," అనేది. ఆమెకు అర్థమయ్యేలా చెప్పే తంటాలోనే నాకు చదువు అబ్బింది. ఈ ఉద్యోగం, ఈ నాలుగు మెతుకులు ఆమె చలవే.

ఫిజియోథెరపీ రెండో ఏడు సెలవులకు ఇంటికి వెళ్ళాను. అప్పటికే నాకు కొమ్ములు మొలిచాయి. చిన్నమ్మ మెడ పట్టుకుని కూర్చుంది.

"మెడకాడికెళ్లి చెయ్యి దాకా గుంజుతున్నది బిడ్డా. ఒకటే తిమ్మిర్లు. బీడీ సుత జారుతున్నది," అంది.

"గన్ని బీడీలు చుడితే మెడ పట్టదా చిన్నమ్మా? ఇగ జారుడంటవా, ముసలిదానివైతున్నవ్!" అని నవ్వాను.

పాపం, ఆమె కూడా నవ్వింది. నేను ఆ చెయ్యి ముట్టుకుని చూసిన పాపాన పోలేదు. మెడ అటూ ఇటూ తిప్పే వ్యాయామాలు నాలుగు చూపించి, దొరసానిలా లేచి వచ్చేశాను. మళ్ళొక్కసారి చెప్పు చిన్నమ్మా అని అడగాలని తోచనే లేదు.

రెండు నెలలకు మళ్ళీ వెళ్ళేసరికి ఆమె కుడిచేత్తో చాయ గ్లాసు పట్టుకోలేకపోతోంది.

"దవాఖానకు ఎందుకు పోలే?" అని అరిచాను.

"నువ్వు జెప్పినవ్ గదా బిడ్డా. దినాం జేస్తనే ఉన్న," అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. కరీంనగర్ తీసుకెళ్ళి స్కానింగ్ చేయించాం. మెడ ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్కు బయటికి పొడుచుకొచ్చి, చేతికి వెళ్ళే నరాన్ని నొక్కుతోందన్నారు. చాలామందికి మందులతో, సరైన వ్యాయామంతో కొన్ని వారాల్లో తగ్గుతుంది. చేతి పట్టు తప్పుతుంటే మాత్రం ఆగకూడదు. "ఇంత లేటెందుకు చేసిన్రు?" అని డాక్టరు అడిగితే నేను గోడకేసి చూశాను. ఆపరేషన్‌తో గుంజుడు పోయింది గానీ వేళ్ళకు పట్టు పూర్తిగా రాలేదు. చాట అటకెక్కింది.

ఇప్పుడు మెడనొప్పి అని ఎవరు వచ్చినా ముందు నా వేళ్ళు గట్టిగా పట్టుకోమంటాను. చేతిలోంచి ఏది జారుతోందో, ఏ పని తప్పుతోందో గుచ్చి గుచ్చి అడుగుతాను. ఎంత ఓపికమ్మా నీకు అంటారు అందరూ. నా భయం నాకే తెలుసు.

చిన్నమ్మ పోయేదాకా వాడలో కనబడ్డవాళ్ళందరికీ ఒకటే చెప్పేది. "మా బిడ్డ ఉండబట్టి బతికిన. గామెనే నన్ను దవాఖానకు తోల్కపోయింది." నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. నీ చెయ్యి పోయింది నా వల్లే చిన్నమ్మా అని ఒక్కసారైనా అనలేదు. అనకపోగా, ఆ మెప్పుకు తల కూడా ఊపేదాన్ని.