కిటికీ పక్క సీటు

చాలా ఏళ్ళ కిందటి మాట. గుంటూరు నుంచి దర్శి వెళ్ళే బస్సు అద్దంకిలో ఆగబోతుండగా, పక్కనున్న పెద్దాయన లేచి తన కిటికీ సీటు నాకిచ్చాడు. ఆయన చేతిలో ఎక్స్‌రే కవరు, చిన్న బైబిలు ఉన్నాయి.

"గాలి మీకే కావాలి కదండీ," అన్నాను.

"ఊపిరితిత్తులు పాడయినాయి, బీడీ మానెయ్యమన్నారండి. అటుపక్క బీడీల కొట్టుంది. కనపడితే మనసు లాగుద్ది."

"ప్రార్థన చేసుకుంటారుగా, ప్రభువు చూసుకుంటాడు."

"ఆయన చూసుకుంటాడండి. నేను అటు చూడకుండా ఉంటే చాలు," అని నవ్వాడు.

బస్సు కదిలేదాకా కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. ఊరు దాటాక, "ఈ పూటకి గట్టెక్కించాడండి," అంటూ తృప్తిగా వెనక్కి వాలాడు.

ఇప్పుడు నాకు షుగరు. సాయంత్రం నడకకు మిఠాయి కొట్టు లేని వీధిలోంచే వెళుతున్నాను.